హార్మోనియంలో నాలుగు రీడ్లు ఆలస్యంగా పలుకుతున్నాయి, దయచేసి చెప్పండి

అడిగినవారు (విశాఖ, ఎంవీపీ కాలనీ): నమస్కారం అండీ. పొద్దున తొమ్మిదింటికి పెట్టె విప్పాను, ఇప్పుడు రాత్రి పది దాటింది. మా నాన్నగారి హార్మోనియంలో నాలుగు రీడ్లు నొక్కగానే పలకట్లేదు. ముందు ‘హుస్స్’ మని గాలి పోతుంది, కాస్త ఆగి స్వరం అందుకుంటుంది. గట్టిగా గాలి కొడితే వెంటనే పలుకుతున్నాయి, మెల్లగా వాయిస్తేనే ఈ బాధ. స్ప్రింగులు చూశాను, బాగున్నాయి. తిత్తికి ఎక్కడా చిల్లు లేదు. శనివారం భజన ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది.

గాజువాక సభ్యుడు: ఏ రీడ్లు? బేసా (లావు స్వరం), మేలా (సన్న స్వరం)? ఎన్ని లైన్ల (రీడ్ల వరుసల) పెట్టె?

అడిగినవారు: రెండు లైన్లు. తెల్ల రీడ్లు మూడు, నల్లది ఒకటి.

గాజువాక సభ్యుడు: పైన నొక్కేవి మెట్లు. రీడ్లంటే లోపల గాలికి అదిరే ఇత్తడి నాలుకలు.

భీమిలి మాస్టారు: బాబూ, పద్యనాటకాల హార్మోనిస్టులు పైన నొక్కేవాటిని రీడ్లు అనడం నా చిన్నప్పటి నుంచీ వింటున్నాను. అది తప్పెలా అవుతుంది? అసలు ఈ వాద్యాన్ని మనం ఎంత చిన్నచూపు చూశామో కూడా చెప్పుకోవాలి. 1840లో పారిస్‌లో దెబాన్ అనే వాద్యాల తయారీదారు పేటెంటు తీసుకున్నది కాలితో తొక్కే పెట్టె. దాన్ని నేల మీద కూర్చుని, ఒక చేత్తో గాలి కొడుతూ వాయించేలా మార్చింది కలకత్తాకు చెందిన ద్వారకానాథ్ ఘోష్. అంత చేసినా, గమకం పలకదన్న కారణంతో 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణిలో దీనికి చోటు లేకుండా చేశారు. పద్యం అయ్యాక నటుడు రాగం తీస్తుంటే ఆ శ్రుతిని నిలబెట్టింది ఏ వాద్యం? ఈ మాట ఎక్కడైనా చెబుతాను.

గాజువాక సభ్యుడు: మాస్టారూ, మీరన్నది కాదనను. కానీ రిపేరు దగ్గర మెట్టు వేరు, రీడు వేరు అనుకోకపోతే విప్పకూడనిది విప్పేస్తారు.

వాల్తేరు నుంచి: నాది బటన్ అకార్డియన్, చర్చిలో వాయిస్తాను. నాకూ ఇలాగే అయింది. రీడ్లు బిగించే లోహపు పలకల మీది తోలు పట్టీలు బిగుసుకుపోయి పైకి లేచాయి. అవి మార్చగానే సరిపోయింది. మీరూ తోలు చూడండి.

మర్రిపాలెం నుంచి: అన్నయ్యా, హార్మోనియంలో ఆ పట్టీలు ఉండవు. అకార్డియన్‌లో ఒక్కో పలకకు రెండు నాలుకలు: తిత్తి లాగితే ఒకటి, నెట్టితే ఇంకొకటి పలుకుతుంది. పని లేని నాలుక సందులోంచి గాలి పోకుండా తోలు పెడతారు. మన పెట్టెలో గాలి ఎప్పుడూ ఒకే వైపు పోతుంది, తోలుతో పనిలేదు.

అడిగిన తమ్ముడూ, మా నాన్న ఇవి బాగుచేసేవారు, పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఇత్తడి నాలుక కొస పలక మీద కొద్దిగా పైకి లేచి ఉండాలి. ఆ ఎత్తు ఎక్కువైతే మెల్లటి గాలి కింద నుంచి జారిపోతుంది, మీకు వినిపించే ‘హుస్స్’ అదే. తక్కువైతే దానికి తిరుగుడు: గట్టిగా కొట్టినప్పుడు గొంతు పట్టేస్తుంది. ఎత్తు సరిగ్గా ఉన్నా, సందులో దుమ్మో చిలుమో జిడ్డో ఉంటే కదలిక మందగిస్తుంది. నాలుగింటికీ ఒక్కసారే వచ్చిందంటే నా అనుమానం ఎత్తు మీద కాదు, ఈ దుమ్మూ జిడ్డూ మీదే. ఈమధ్య లోపల ఏమైనా చేశారా?

అడిగినవారు: ఏం లేదక్కా. వర్షాలకు ముందు కుట్టుమిషన్ నూనె ఒక్కో చుక్క వేశానంతే. మాకు సముద్రం దగ్గర కదా, చిలుము పడుతుందని.

గాజువాక సభ్యుడు: అది మొదటి పోస్టులోనే చెప్పాలి.

మర్రిపాలెం నుంచి: నూనె తప్పు తమ్ముడూ. మన ఊరి ఉప్పుగాలికి చిలుము నిజమే, కానీ నూనె దుమ్మును పట్టి బంకలా చేస్తుంది. పలకలు ఒక్కొక్కటే విప్పండి, ఏది ఎక్కడిదో పెన్సిల్‌తో రాసుకోండి. మందుల షాపులో ఐసోప్రొపిల్ ఆల్కహాల్ తెచ్చి, మెత్తటి సన్న బ్రష్‌తో రివెట్టు (నాలుకను పలకకు బిగించే మేకు) దగ్గర నుంచి కొస వైపే తుడవండి. అడ్డంగా రుద్దితే నాలుక పక్కకు జరిగి పలక అంచుకు రాసుకుంటుంది. దగ్గర్లో దీపం, అగరొత్తి వద్దు. ఆరాక గోటితో కొసను చిన్నగా మీటండి. శుభ్రంగా ఉంటే ‘టింగ్’ మని కాసేపు మోగుతుంది, జిడ్డుంటే ‘టక్’ మని ఆగిపోతుంది. మా నాన్న కళ్లు మూసుకుని ఆ చప్పుడు వినే పలక పక్కన పెట్టేవారు. నోటితో మాత్రం ఊదకండి, తడి తగులుతుంది.

అప్పటికీ ఆలస్యమైతే ఎత్తు చూడండి. కొస దగ్గర సందు దాదాపు నాలుక మందమంతే ఉండాలి, బేసువాటికి ఇంకాస్త ఎక్కువ. ఎక్కువుంటే రివెట్టుకు దగ్గరగా వేలితో కొంచెం కొంచెంగా నొక్కండి. కొస మీద నొక్కితే వంగిపోతుంది.

భీమిలి మాస్టారు: అమ్మా, చాలా బాగా చెప్పావు. ‘నాలుక’ అనే మాటే అందరం వాడితే ఈ రీడు, మెట్టు గొడవే ఉండదు.

అడిగినవారు: తెల్లవి మూడూ వెంటనే పలుకుతున్నాయి. నల్లది ఇంకా కాస్త తడబడుతోంది. భజనకు బయల్దేరుతున్నాం. థాంక్స్ అక్కా.

మర్రిపాలెం నుంచి: ఆ నల్లది మీటితే టింగ్ మంటోందా, టక్ మంటోందా?