ఫోర్ట్ స్టీవెన్స్‌లో రెండు రాత్రులు: అత్తయ్యగారు, మామయ్యగారితో టెంటా, యుర్టా?

బీవర్టన్ కోడలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా అత్తయ్యగారు, మామయ్యగారు మే నెలలో వచ్చారు, సెప్టెంబర్ ఆఖరున వెళ్లిపోతారు. గుడి, మాల్, మల్ట్నోమా జలపాతం అన్నీ అయిపోయాయి. "ఇంకేం చూస్తామమ్మా, ఇంట్లోనే హాయిగా ఉంది" అంటున్నారు మామయ్యగారు. అంటే బోరు కొడుతోందని అర్థం. ఆయన రిటైర్డ్ లెక్కల మాస్టారు. చరిత్ర అన్నా ఇష్టమే. మా ఆయన ఆఫీసులో ఎవరో ఒరెగాన్ తీరంలో ఆస్టోరియా దగ్గర ఫోర్ట్ స్టీవెన్స్‌కి వెళ్లమన్నారట. కోట, సముద్రం, క్యాంపింగ్ అన్నీ ఒకే పార్కులో ఉన్నాయని.

సెప్టెంబర్ మధ్యలో మంగళ, బుధవారాలకి వెతికితే ఎవరో క్యాన్సిల్ చేసుకున్న యుర్ట్ ఒకటి, కరెంటున్న టెంట్ సైట్ ఒకటి కనిపించాయి. మా ఆయన టెంటే అంటాడు, "అదే కదా అసలు క్యాంపింగ్" అని. ఆయన ఇప్పటిదాకా టెంటు వేసింది మా హాల్లోనే, బాబు కోసం. మామయ్యగారికి కుడి మోకాలు నొప్పి. అత్తయ్యగారు రాత్రి రెండుసార్లు లేస్తారు. బాబుకి నాలుగేళ్లు. పెద్దవాళ్లతో వెళ్లినవాళ్లు ఎవరైనా చెప్తారా? ఇంకో మాట, అక్కడ కోట నిజంగా చూడదగ్గదేనా? మామయ్యగారి దృష్టిలో కోట అంటే గోల్కొండ.

వాన కోయిల

యుర్ట్ తీసుకోండి, ఆలోచించకండి. గుండ్రటి గుడిసెలా ఉంటుంది, లోపల మంచాలు, లైటు, హీటరు ఉంటాయి, తలుపుకి తాళం ఉంటుంది. అయిదుగురు సరిపోతారు. బాత్రూమ్ మాత్రం లోపల ఉండదు, బయట అందరికీ కలిపి ఉన్నదే. బుక్ చేసేటప్పుడు మ్యాప్‌లో బాత్రూమ్‌కి దగ్గరగా ఉందా లేదా చూసుకోండి. లోపల వంట చేయనివ్వరు. స్టవ్ బయట బల్ల మీదే.

రెండో టెంటు

టెంటు సంగతి నన్నడగండి. నా పేరులో "రెండో" ఎందుకుందో కూడా చెప్తాను.

మూడేళ్ల కిందట, అక్టోబర్. మా నాన్న విశాఖపట్నం నుంచి వచ్చి నెల దాటింది. మేం చేరేసరికి ఎండ చక్కగా ఉంది, చెట్ల మధ్య గాలే లేదు. మేకులు పైపైన కొట్టేసి వదిలేశాను. అక్కడి నేల చూడ్డానికి మట్టిలా ఉంటుంది. పైన గడ్డి, రాలిన స్ప్రూస్ ఆకులు పరుచుకుని ఉంటాయి. వేలు గుచ్చి చూస్తే అంతా ఇసుకే. రాత్రి ఒంటిగంటకి సముద్రం వైపు నుంచి గాలి లేచింది. ఒక్కో మేకూ వెన్నలోంచి పుల్ల లాగినట్టు వచ్చేసింది. కాసేపటికి తడి పైకప్పు నా మొహం మీద ఉంది. చీకట్లో నాన్న గొంతు వినిపించింది: "తుఫానా?" ఏమాత్రం కంగారు లేకుండా, కాఫీ అయిందా అన్నట్టు అడిగారు. విశాఖ మనిషి కదా, ఆయన చూడని గాలా! మిగిలిన రాత్రి కార్లో కూర్చుని గడిపాం. టెంటు ఊచ ఒకటి విరిగింది. పొద్దున్న ఉప్మాలో కూడా ఇసుక.

కాబట్టి యుర్టే. మీ ఆయన మరీ బాధపడితే పక్కన చిన్న టెంటు వేసుకోనిస్తారేమో రేంజర్లని అడగండి. వేసినా మామూలు మేకులు కాకుండా పొడుగాటి, వెడల్పాటి ఇసుక మేకులు కొనమనండి. అవి లేకపోతే గుడ్డసంచిలో ఇసుక నింపి, తాడు కట్టి, మూరెడు లోతున పాతిపెట్టాలి. ఇది నేను ఆ మర్నాడు పక్క సైట్‌లో ఉన్న పెద్దాయన దగ్గర నేర్చుకున్నాను. ఒక రాత్రి ఆలస్యంగా.

ఇక కోట. గోల్కొండ అనుకుని వెళ్తే మామయ్యగారు నిరాశపడతారు, ముందే చెప్పండి. బురుజులు, దర్వాజాలు ఉండవు. 1863లో, ఇక్కడ సివిల్ వార్ నడుస్తుండగా, మట్టికట్టలతో మొదలుపెట్టారు. కొలంబియా నది సముద్రంలో కలిసే చోట కాపలా కోసం. అవతల వాషింగ్టన్ రాష్ట్రం ఒడ్డున ఫోర్ట్ కొలంబియా, ఫోర్ట్ కాన్బీ అని ఇంకో రెండు. మూడూ కలిసి నది వాకిలికి గడియ పెట్టినట్టు. 1947 దాకా ఇందులో సైన్యం ఉంది. ఇప్పుడు మిగిలినవి చాలావరకు కాంక్రీటు దిబ్బలు, వాటి కింద చీకటి గదులు. ఉత్తరం వైపు మ్యూజియం ఉంది. క్యాంప్‌గ్రౌండ్‌కి దగ్గరగా ఉన్నది మాత్రం రసెల్ బ్యాటరీ, అంటే ఫిరంగులు పెట్టడానికి కట్టిన కాంక్రీటు దిబ్బ. ఏదో ఒకటే చూసే ఓపిక ఉంటే అదే చూడండి.

అక్కడ పది అంగుళాల ఫిరంగులు రెండు ఉండేవి. అవి గోడ వెనక దాక్కునే రకం. ఎదురు బరువు కిందికి దిగితే ఫిరంగి పైకి లేచి గోడ మీదుగా చూస్తుంది, పేలిన ఊపుకి తనే వెనక్కి వాలి కిందికొచ్చేస్తుంది, అక్కడ మళ్లీ గుండు నింపుతారు. ఓడలో ఉన్నవాడికి అది కనిపించేది ఆ క్షణమే. ఇంగ్లీషు బోర్డు చదివి నేను కిందామీదా పడి వివరిస్తుంటే నాన్న మధ్యలో ఆపి, "ఏతామేగా!" అన్నారు. నిజమే. ఒక చివర బరువు, ఇంకో చివర బాన బదులు ఫిరంగి. ఇప్పుడా ఫిరంగులు లేవు, అవి కూర్చున్న గుండ్రటి గుంటలు మాత్రం ఉన్నాయి.

బోర్డులో ఇంకో సంగతి ఉంది. 1942 జూన్ 21 రాత్రి ఐ-25 అనే జపాన్ జలాంతర్గామి ఈ కోట మీద 17 గుండ్లు పేల్చింది. కోట కమాండర్ దీపాలన్నీ ఆర్పించి, ఎదురు కాల్చొద్దన్నాడు. కాలిస్తే మన ఫిరంగులు ఎక్కడున్నాయో వాడికి తెలిసిపోతుంది, పైగా వాడు అందేంత దగ్గర్లో లేడని లెక్క. మనుషులెవరూ పోలేదు. బేస్‌బాల్ మైదానం దగ్గరి కంచె, కొన్ని తీగలు దెబ్బతిన్నాయి. అంతే.

నాన్న ఆ తేదీ రెండుసార్లు చదివించుకున్నారు. "ఇక్కడ జూన్. మన దగ్గర ఏప్రిల్ 6" అన్నారు. విశాఖ మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులు వేసింది ఆ రోజే, అదే సంవత్సరం. నాన్న అప్పటికి పుట్టలేదు. మా నాయనమ్మ మా పెద్దనాన్నని చంకనేసుకుని, పొయ్యి మీది అన్నం పొయ్యి మీదే వదిలేసి, అనకాపల్లి వైపు ఎడ్లబండి ఎక్కిందట. ఆ అన్నం సంగతి ఆవిడ పోయేదాకా చెప్పేది. గిన్నె ఏమైందో చూసుకోలేదని. ఆ కథ నేను వందసార్లు విన్నాను, ఎప్పుడూ సరిగ్గా వినలేదు.

నాన్న గోడ మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డారు. చల్లగా, చెమ్మగా ఉంటుంది ఆ గోడ. తర్వాత, "రెండున్నర నెలల్లో ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకి వచ్చాడన్నమాట" అన్నారు. అక్కడికొచ్చినవి విమానాలు, ఇక్కడికొచ్చింది జలాంతర్గామి, ఇది ఆ దండు కాదు అని నేను సరిదిద్దబోయి ఊరుకున్నాను.

మోకాలు సంగతి: బ్యాటరీ పైకి మెట్లున్నాయి, కింది గదులు మాత్రం నేలకి సమంగా ఉంటాయి. మామయ్యగారు కిందంతా తిరగొచ్చు. లోపల కటిక చీకటి, ఫోన్ లైటు చాలదు, టార్చి తీసుకెళ్లండి. పైన అంచుల దగ్గర బాబు చెయ్యి వదలొద్దు, పడితే కాంక్రీటు మీదే.

ముందు చక్రాలు

పైన చెప్పినవి బాగున్నాయి, ఓడ మర్చిపోయారు. పీటర్ ఐర్‌డేల్. నాలుగు తెరచాప స్తంభాల ఉక్కు ఓడ, 1906 అక్టోబర్ 25న ఇక్కడ ఇసుకలో కూరుకుపోయింది. అందరూ బతికారు. ఓడ మాత్రం ఇంకా అక్కడే ఉంది, ముందు భాగం, కొన్ని పక్కటెముకలు. సముద్రం వెనక్కి తగ్గిన టైమ్ చూసుకుని వెళ్తే దగ్గరికి నడిచి ముట్టుకోవచ్చు. పోటు మీదున్నప్పుడు దూరం నుంచి దణ్ణం పెట్టుకోవడమే. సముద్రానికి వీపు పెట్టి ఫొటోలు దిగొద్దు. ఈ తీరంలో ఉన్నట్టుండి ఒక పెద్ద అల చాలా లోపలికి వచ్చేస్తుంది.

ఆ బీచ్‌లోకి కొన్ని చోట్ల కార్లు రానిస్తారు. రానిస్తారు కదా అని మా సెడాన్ దింపాను. వంద అడుగులు. తర్వాత చక్రాలు తిరుగుతున్నాయి, కారు కిందికి దిగుతోంది, అలలు దగ్గరికొస్తున్నాయి. ఎవరో పికప్ ఆయన తాడు కట్టి లాగాడు, డబ్బులిస్తే తీసుకోలేదు. మా ఆవిడ ఇంకా చెప్పుకుంటోంది. పార్కింగ్‌లో పెట్టి నడవండి.

బీవర్టన్ కోడలు

యుర్ట్ బుక్ చేశాం. రెండో టెంటు గారూ, మీరు రాసింది మామయ్యగారికి చదివి వినిపించాను. ఏతాం దగ్గర ఆపి, కాగితం మీద బొమ్మ గీసి బాబుకి చూపించారు. ఇంకా రెండు సందేహాలు. చలి ఎంత ఉంటుంది? డే పాస్ వేరే కొనాలా?

వాన కోయిల

క్యాంప్ రసీదు ఉంటే పార్కింగ్‌కి వేరే పాస్ అక్కర్లేదు. సెప్టెంబర్‌లో పగలు బాగానే ఉంటుంది, పొద్దుగూకాక స్వెట్టరు, మంకీ క్యాప్ రెండూ కావాలి. కట్టెలు ఇంటి నుంచి మోయకండి, వాటితో పురుగులు అడవిలోకి చేరతాయని వద్దంటారు. అక్కడే కొనండి. రాత్రి పదయ్యాక గట్టిగా మాట్లాడకూడదు. తినే వస్తువు ఏదీ బల్ల మీద వదలొద్దు. రకూన్లని రాత్రిపూట తిరిగే జంతువులుంటాయి, వాటికి జిప్పు తీయడం వచ్చు.

సియాటిల్ నుంచి

మామయ్యగారికి ఆ ఏతాం ఫిరంగి నిజంగా చూడాలనుంటే మా వైపు రండి. విడ్బీ దీవిలో కూప్‌విల్ దగ్గర ఫోర్ట్ కేసీ ఉంది. అక్కడి పాత ఫిరంగులు ఎప్పుడో పోయాయి గానీ, ఫిలిప్పీన్స్‌లోని ఫోర్ట్ వింట్ నుంచి అదే రకం పది అంగుళాలవి రెండు తెచ్చి పెట్టారు. అక్కడి నుంచి పడవ ఎక్కితే పోర్ట్ టౌన్సెండ్, పక్కనే ఫోర్ట్ వర్డెన్. క్యాంపింగ్ అక్కడా ఉంది. ఒకటి గుర్తుపెట్టుకోండి, వాషింగ్టన్ పార్కులకి డిస్కవర్ పాస్ వేరు. అది ఒరెగాన్‌లో చెల్లదు, ఒరెగాన్ పాస్ ఇక్కడ చెల్లదు.

బీవర్టన్ కోడలు

నిన్ననే తిరిగొచ్చాం. మొదటి రాత్రే రకూన్ జంతికల సంచీ పట్టుకుపోయింది. కోయిల గారూ, చెప్పినా వినలేదు, తప్పు నాదే. అత్తయ్యగారు యుర్ట్ పైకప్పులో గుండ్రటి అద్దం కిందే పడుకుంటానని పట్టుబట్టి నక్షత్రాలు చూశారు. మా ఆయన టెంటు డిక్కీలోంచి దిగలేదు.

మామయ్యగారు రసెల్ బ్యాటరీకి రెండు రోజులూ వెళ్లారు. రెండో రోజు మా ఆయన్ని గోడ మీద నిలబెట్టి, తను కింద గుంటలో నిలబడి, ఫిరంగి ఎంత ఎత్తు లేవాలో అడుగులతో కొలిచారు. ఓడ దగ్గర కూడా లెక్కే. పొద్దున పక్కటెముకలు ఎన్నో లెక్కపెట్టి రాసుకున్నారు, సాయంత్రం లెక్కపెడితే రెండు తక్కువొచ్చాయి. పోటు వచ్చింది కదా, నీళ్లలో ఉన్నాయి నాన్నా అని మా ఆయన చెప్తున్నా వినకుండా, ప్యాంటు మడిచి మోకాళ్ల దాకా దిగారు. అదే కుడి మోకాలు. ఇప్పుడు వేడినీళ్ల సంచి పెట్టుకుని, ఫోర్ట్ కేసీకి పడవ ఎన్నింటికో కనుక్కోమంటున్నారు.