"కంట్రీ" పాటని "నాటు పాట" అనొచ్చా?

మా అమ్మ ఆరు నెలలు డల్లాస్‌లో మా మేనకోడలి దగ్గర ఉండి వచ్చింది. ఓ రోజు కార్లో వెళ్తుంటే రేడియోలో పాట వస్తోందట. "ఫిడేలు భలే వాయిస్తున్నాడే, ఇదేం పాటే?" అని అమ్మ అడిగింది. పిల్ల "కంట్రీ పాట అమ్మమ్మా" అంది. "కంట్రీ అంటే? ఏ దేశం?" అంది అమ్మ. పిల్లకి తెలుగు మాట తట్టక రాత్రికి నాకు వాట్సాప్ పెట్టింది: "మామయ్యా, కంట్రీ మ్యూజిక్‌ని తెలుగులో ఏమంటారు?"

కంట్రీ అంటే అమెరికా పల్లెటూళ్ళలో పుట్టిన ఒక రకం పాట. దానికి తెలుగు మాట నాకూ వెంటనే తట్టలేదు. వెతికితే ఒకచోట "దేశ సంగీతం" అని ఉంది, ఇంకోచోట ఒకావిడని "దేశ గాయని" అని రాశారు. చదవగానే ప్రాణం ఉసూరుమంది. దేశ గాయని అంటే జాతీయ గీతం పాడే ఆవిడ అనుకోరూ ఎవరైనా?

రెండు రోజులు ఆలోచిస్తే తేలిందేమిటంటే, ఈ "కంట్రీ"కి మన దగ్గర ఎప్పటినుంచో మాట ఉంది. మన ఇంగ్లీషు పేపర్లు కంట్రీ చికెన్ అని రాసేది నాటుకోడినే. కంట్రీ బోట్ నాటు పడవ, కంట్రీ లిక్కర్ నాటు సారా, కంట్రీ బాంబ్ నాటు బాంబు. ఇన్నిచోట్ల కంట్రీ అంటే నాటు అని మనకి తెలుసు. పాట దగ్గరికొచ్చేసరికి మాత్రం దేశం అంటున్నాం.

"నాటు" పుట్టింది "నాడు" నుంచే. పలనాడు, వెలనాడు, పాకనాడు, రేనాడు అన్నప్పటి నాడు, అంటే ప్రాంతం. పల్నాటి వీరులు, వెలనాటి చోడులు అన్నప్పుడు ఆ "డు" కాస్తా "టి" అవుతుంది. తమిళంలో నాడు "నాట్టు" అవుతుంది, వాళ్ళ నాట్టుక్కోళి మన నాటుకోడి. అంటే నాటు అంటే అసలు అర్థం "ఆ నాడుకి చెందినది" అని. మోటు, మొరటు అనే అర్థాలు తర్వాత వచ్చి అతుక్కున్నాయి. (విత్తనం నాటడం, నాట్లు వేయడం అన్నప్పటి నాటు వేరే మాట, దాన్ని దీంతో కలపొద్దు.)

పాటల విషయంలో పక్కవాళ్ళు ఎప్పుడో ఈ పని చేసేశారు. తమిళంలో నాట్టుప్పుఱప్ పాట్టు, మలయాళంలో నాడన్ పాట్టు. మనం కూడా "నాటుపురం మనిషి" అంటాం, కానీ దాన్ని తిట్టులాగే వాడుతున్నాం.

ఇక మా మేనకోడలు పంపిన పాటల సంగతి. షానియా ట్వైన్ అనే కంట్రీ గాయని పాడిన "కమ్ ఆన్ ఓవర్" అనే ఆల్బమ్, 1997 నవంబరులో వచ్చింది. పదహారు పాటలు, అన్నీ ఆవిడా, అప్పటి భర్త మట్ లాంగ్ కలిసి రాసుకున్నవే. వాటిలో పన్నెండు సింగిల్స్‌గా, అంటే విడి పాటలుగా కూడా విడుదలయ్యాయి. అమెరికాలో కంట్రీ ఆల్బమ్‌ల పట్టికలో యాభై వారాలు మొదటి స్థానంలో ఉంది. ప్రపంచం మొత్తం మీద 4 కోట్లకి పైగా అమ్ముడుపోయింది. కంట్రీ ఆల్బమ్‌లలో ఇంత అమ్మింది ఇంకొకటి లేదు.

భాష మీద ఇష్టం ఉన్నవాళ్ళు ఈ ఆల్బమ్ గురించి తప్పకుండా తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. 1998లో ఉత్తర అమెరికా బయట అమ్మడానికి ఇవే పాటల్ని మళ్ళీ మిక్స్ చేసి ఇంకో రూపంలో విడుదల చేశారు. అందులో ఫిడేలు, స్టీల్ గిటార్ (తీగల మీద లోహపు కడ్డీ జరుపుతూ వాయించే గిటార్) బాగా తగ్గించి కీబోర్డులు, డ్రమ్స్ పెంచారు. గొంతు అదే, మాటలు అవే. నేను రెండు రూపాలూ పక్కపక్కన పెట్టుకుని విన్నాను. మొదటిదాంట్లో స్టీల్ గిటార్ ఒక స్వరం మీంచి ఇంకో స్వరానికి జారుతుంటే, మన వీణ మీద తీగ లాగినట్టు, గుండెలో ఏదో మెలిపెడుతుంది. రెండోది హుషారుగా, శుభ్రంగా ఉంది, కానీ ఏ ఊరిదో చెప్పలేం. అంటే నాటుతనం ఎంత తీసేస్తే ఎంత దూరం అమ్ముడుపోతుందో వాళ్ళు లెక్క వేసుకున్నారన్నమాట.

ఒక్కటి మాత్రం తీయలేకపోయారు. ఒక పాట పేరే "దట్ డోంట్ ఇంప్రెస్ మీ మచ్". బళ్ళో ఇలా రాస్తే టీచరు ఎర్ర ఇంకుతో కొట్టేసి "డజంట్" అని దిద్దుతుంది. పల్లెటూళ్ళలో, పనివాళ్ళ ఇళ్ళలో జనం "డోంట్" అనే అంటారు. ఫిడేలు తగ్గించినా ఈ "డోంట్" అలాగే ఉండిపోయింది. పాటలో ముగ్గురు మగవాళ్ళు వస్తారు: అన్నీ తెలిసినవాడు, అద్దం వదలనివాడు, కారుని ప్రాణంగా చూసుకునేవాడు. ముగ్గురికీ ఆవిడ చెప్పే జవాబు ఆ ఒక్క ముక్కే.

దీన్ని తెలుగులో ఏమంటాం? "అది నన్ను అంతగా ఆకట్టుకోదు" అంటే డబ్బింగ్ సినిమాలా ఉంటుంది. మా తెనాలి వైపు ఆడవాళ్ళు ఇట్టే అనేస్తారు: "అదేం నా కంటికి ఆనలా." అంతే! "ఆనలేదు" అని నిండుగా రాసి చూడండి, పొగరు సగం చచ్చిపోతుంది. ఆ చివరి "లా" లోనే ఉంది పాటంతా. అమ్మ మామూలుగా పేపరు చదువుతూ "అక్షరాలు ఆనడం లేదురా" అంటుంది, చూపు తగ్గిందని. అదే క్రియ మనుషుల మీద వాడితే ఎదురుగా ఆరడుగుల మనిషి నిలబడ్డా నా కళ్ళు వాణ్ణి పట్టించుకోలేదని అర్థం. ఇంత పదునైన మాట ఇంగ్లీషు పాటలో కూడా లేదని నా నమ్మకం.

కాబట్టి నా ప్రతిపాదన: కంట్రీ పాట = నాటు పాట. మీరేమంటారు?

*

వ్యాఖ్య: బావుంది గానీ సార్, నాటు అంటే చిన్నచూపు ఉంది కదా. "జానపదం" అనే గౌరవమైన మాట ఉండగా ఇదెందుకు? నేను ముప్పై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పాను, నాకైతే మనసొప్పట్లేదు.

జవాబు: మాస్టారూ, మీ మాట కాదనడం లేదు. కానీ జనపదం అంటే ఏమిటండీ? నాడే కదా. జనపదానికి చెందినది జానపదం, నాడుకి చెందినది నాటు. ఒకే అర్థం, ఒకే కట్టడం. సంస్కృతంలో చెబితే గౌరవం, తెలుగులో చెబితే చిన్నచూపు అయింది. అది మాట తప్పు కాదు కదండీ, మనం దాన్ని వాడిన తీరు తప్పు.

ఇంకోటి, జానపదం అనగానే ఎవరు రాశారో తెలియని పాట, నోటినుంచి నోటికి వచ్చిన పాట గుర్తొస్తుంది. ఈ ఆల్బమ్‌లో ప్రతి పాటకీ రాసినవాళ్ళ పేర్లున్నాయి, స్టూడియోలో తీరిగ్గా కూర్చుని చేసినవి. అది జానపదం కాదు, జానపదం వాసన ఉన్న కొత్త పాట. ఆ తేడా చూపించే మాట మనకి కావాలి.

చిన్నచూపు గురించి అమెరికావాళ్ళ కథే వినండి. 1920లలో రికార్డు కంపెనీలు ఈ పాటల్ని "హిల్‌బిల్లీ" అని అమ్మేవి. కొండల్లో ఉండే మొరటువాళ్ళు అని ఎగతాళి అది. పాటల అమ్మకాల పట్టికలు వేసే బిల్‌బోర్డు పత్రిక 1949లో తన పట్టికకి "కంట్రీ అండ్ వెస్టర్న్" అని పేరు పెట్టింది. వాళ్ళు తిట్టుని వదిలేసి ఊరి పేరు పెట్టుకున్నారు. మన నాటులో ఆ ఊరు మొదటినుంచీ ఉంది, దాని మీద పడ్డ దుమ్ము దులుపుకుంటే చాలు. కోడి విషయంలో దులిపేశాం కూడా. బజార్లో బాయిలర్ కంటే నాటుకోడికే ధర ఎక్కువ, గౌరవం కూడా ఎక్కువే. 2023లో మన "నాటు" పాటకి ఆస్కార్ వచ్చినప్పుడు ఎవరూ సిగ్గుపడలేదు కదండీ.

వ్యాఖ్య: అన్నా, షానియా ట్వైన్‌ది కెనడా. మట్ లాంగ్ అంతకుముందు రాక్ బ్యాండ్లకి పనిచేసినాయన. గిది అసలు కంట్రీనే కాదని అప్పట్ల మస్తు మంది అన్నరు. మరి ఏ నాడుది నాటు?

జవాబు: మంచి ప్రశ్న తమ్ముడూ, దీనికి నేను కూడా తడుముకున్నాను. ఆవిడ పెరిగింది ఒంటారియో రాష్ట్రం ఉత్తరాన టిమ్మిన్స్ అనే బంగారు గనుల ఊళ్ళో. ఇల్లు గడవక ఎనిమిదేళ్ళ పిల్లప్పుడే బార్లలో పాడింది. మందు అమ్మకం ఆగిపోయిన తర్వాత, అర్ధరాత్రి దాటాక పాడనిచ్చేవాళ్ళట. అంతచిన్న పిల్ల నిద్ర ఆపుకుని పాడిన పాటలు కంట్రీకి పుట్టిల్లులాంటి అమెరికా రాష్ట్రం టెన్నెసీ నుంచి వచ్చినవే అయినా, పాడిన గొంతు టిమ్మిన్స్‌ది. నాకైతే ఆ "డోంట్" ఎవరో నేర్పితే వచ్చింది కాదు, ఇంట్లోంచి వచ్చింది అనిపిస్తుంది. వాయిద్యాల విషయంలో మీతో ఒప్పుకుంటాను, లాంగ్ చెయ్యి పడ్డాక సగం రాకే. మాట దగ్గర ఒప్పుకోను.

మీ దిక్కు "కంటికి ఆనలా"ని ఏమంటరు? అది చెప్పండి ముందు.

వ్యాఖ్య: "గదేం నాకు ఆనుతలేదు" అంటం అన్నా. మా అవ్వ అయితే మూతి తిప్పి "ఆనుతలేదు పో" అంటది. ఆ "పో" లేకుంటే పాట పూర్తిగాదు.

వ్యాఖ్య: కర్నూలు నుంచి. మా పక్క "అదేమీ నా కంటికి ఆనల్యా". సాగదీయాల, "ల్యా...".

జవాబు: అమ్మకి ఈ రెండూ చదివి వినిపించాను. "ల్యా" బాగా నచ్చింది ఆవిడకి, పొద్దున్నుంచీ అదే అంటోంది. ఫిడేలు గురించి కూడా అడిగాను. అమెరికాలో వయొలిన్‌నే కంట్రీ పాటల్లో వాయిస్తే ఫిడిల్ అంటారని చెబితే, "అదేంట్రా, ద్వారం వెంకటస్వామి నాయుడుగారిని మనం ఫిడేలు నాయుడుగారు అనలా? ఆయన వాయించింది త్యాగరాజ కీర్తనలే కదా" అంది. నిజమే. అక్కడ పేరు మారితే పాట మారుతుంది, మనకి రెండింటికీ ఒకటే ఫిడేలు. మళ్ళీ ఇక్కడ కూడా "అనలా" అని, ఆ "లా" గమనించారా?

శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళెవరైనా ఉంటే మీ మాట కూడా రాయండి. మా మేనకోడలు అన్నీ ఒక కాగితం మీద రాసుకుంటోంది.