పదును: అంచుకా, మంచుకా?

సియాటిల్ దగ్గర ఉంటాం. చలికాలమంతా స్నోక్వాల్మీ కనుమలో స్కీయింగ్. స్కీలను, అంటే కాళ్లకు కట్టుకుని మంచు మీద జారే పొడుగాటి పలకలను, గ్యారేజీలో నేనే సిద్ధం చేస్తాను. మొన్న మా అమ్మాయికి ఆ పని తెలుగులోనే నేర్పుతుంటే ఒక మాట దగ్గర చర్చ వచ్చింది.

స్కీకి రెండు పక్కలా ఉక్కు అంచులుంటాయి. వాటిని ఆకురాయితో 88 డిగ్రీల కోణానికి రాచి, సన్న సానరాయితో గరుకు తీసేస్తాం. తరువాత గోరును అంచు మీద అడ్డంగా లాగి చూడాలి. గోటి నుంచి తెల్లటి పొడి రాలింది. "పదును వచ్చింది" అన్నాను. ఇక బాగా జారేలా స్కీ అడుగుభాగానికి మైనం పూయాలి. "ముందు మంచు పదును చూడు" అనేశాను. "మంచుకు కూడా పదునుంటుందా నాన్నా?" అంది.

ఉంటుందనే నా వాదన. అదనూ పదునూ చూసి విత్తనం వేసినవాళ్లం మనం. నేల పదును అంటే ఏదో ఒక తడి కాదు, పనికి సరిపోయే తడి. మైనం ఎంచుకునేవాడు మంచులో వెతికేదీ దాన్నే. సున్నా డిగ్రీల దగ్గర చెమ్మగిల్లిన మంచుకు మెత్తని మైనం కావాలి. చలి ముదిరితే మంచు పలుకులు మొనదేలి మెత్తని మైనంలో గుచ్చుకుంటాయి, అప్పుడు గట్టి మైనం వాడాలి. కొలరాడోలో పడేది పొడి మంచు, మా కాస్కేడ్ కొండల్లో తరచుగా పడేది బరువైన తడి మంచు. ఈ తేడాకు 'పదును' కన్నా మంచి మాట నాకు దొరకలేదు. మీరేమంటారు?

— పదును బాగా కుదిరిందండీ. 'మైనం పూయడం' మాత్రం నాకు నప్పలేదు. సున్నం గోడకు పూస్తాం, నూనె తలకు పట్టిస్తాం. పూసింది పైన ఉంటుంది, పట్టించింది లోపలికి దిగుతుంది. మీ మైనం ఏం చేస్తుంది?

— లోపలికే దిగుతుందండీ! ఇస్త్రీపెట్టె లాంటి దానితో మైనం కరిగించి చుక్కలు చుక్కలుగా వేసి, అడుగంతా పరుస్తూ ఆపకుండా కదుపుతాం. పొగ లేచిందంటే వేడి మించినట్టే. అరగంట చల్లారాక పైనున్నదంతా ప్లాస్టిక్ పలకతో గీకి, బ్రష్షుతో రుద్దేస్తాం. పాలిథిలీన్ అడుగు పీల్చుకున్నదే పనికొస్తుంది. 'పట్టించడం' అన్నదే సరైన మాట. ఇకనుంచి అలాగే అంటాను.

— తడి మంచులో స్కీ అడుగు అతుక్కుపోతుందని విన్నాను. దానికి మైనం ఒక్కటే చాలుతుందా?

— చాలదండీ. స్కీకీ మంచుకూ నడుమ నీటి పొర చేరి వెనక్కి ఈడుస్తుంది. ఆ పొర తెగడానికి దుకాణంలో రాతియంత్రం మీద అడుగుకు సన్నని గీతలు పెట్టిస్తాం. తడి మంచుకైతే గీతలు కాస్త ముతకగా ఉండాలి. వీటికి తెలుగులో ఏమనాలో తోచక 'గీతలు' అనే అంటున్నాను.

— కక్కు అనండి. నున్నబడిన తిరగలికి మా అమ్మమ్మ కక్కు కొట్టించేది. కొడవలికీ అదే మాట.