నాన్నకు సిటిజన్‌షిప్ వచ్చింది, మరి పాప పాస్‌పోర్ట్ సంగతి?

ప్రశ్న: మావారికి పోయిన నెల అమెరికా సిటిజన్‌షిప్ ఓత్ అయింది, నాది ఇంకా గ్రీన్‌కార్డే. పాపకు 14 ఏళ్లు, ఇండియాలో పుట్టింది, గ్రీన్‌కార్డ్ ఉంది, ఇక్కడ మాతోనే ఉంటోంది. ముందు ఎన్-600 (సిటిజన్‌షిప్ సర్టిఫికెట్ కోసం పెట్టే దరఖాస్తు) వేయాలని ఒకరు, అక్కర్లేదు నేరుగా పాస్‌పోర్ట్‌కి వెళ్లమని ఇంకొకరు. ఏది నిజం? టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: టెన్షన్ ఎందుకండీ, మీ పాప ఆల్రెడీ సిటిజన్! 18 నిండని పిల్లలు గ్రీన్‌కార్డ్‌తో, సిటిజన్ అయిన తల్లి లేదా తండ్రి కస్టడీలో ఇక్కడే ఉంటుంటే సిటిజన్‌షిప్ దానంతటదే వస్తుంది, 2001 ఫిబ్రవరి 27 నుంచి ఇదే చట్టం. పాస్‌పోర్ట్ దానికి రుజువు మాత్రమే. డీఎస్-11 (పాస్‌పోర్ట్ దరఖాస్తు ఫారం) నింపండి కానీ సంతకం ఇంట్లో పెట్టేయకండి, దరఖాస్తు తీసుకునే ఆఫీసర్ ఎదుటే పెట్టాలి (మేం పెట్టేసి మళ్లీ ప్రింట్ తీసుకున్నాం). పాప బర్త్ సర్టిఫికెట్, గ్రీన్‌కార్డ్, మీవారి నాచురలైజేషన్ సర్టిఫికెట్ (సిటిజన్ అయినట్టు ఇచ్చే పత్రం), అన్నీ ఒరిజినల్స్, జిరాక్స్‌లతో సహా.

జవాబు 2: 16 లోపు కాబట్టి పాపతో పాటు మీరిద్దరూ వెళ్లాలి. ఒకరికి కుదరకపోతే డీఎస్-3053 (రాలేని తల్లి లేదా తండ్రి ఇచ్చే అంగీకార పత్రం) నోటరీ చేయించి పంపొచ్చు. బర్త్ సర్టిఫికెట్‌లో మీవారి పేరు, నాచురలైజేషన్ సర్టిఫికెట్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి, మన ఇంటిపేర్ల గొడవ తెలిసిందేగా.

జవాబు 3: ఎన్-600 తప్పనిసరి కాదు, ఫీజు వెయ్యి డాలర్లు దాటుతుంది. కానీ పిల్లల పాస్‌పోర్ట్ 5 ఏళ్లే, ఆ సర్టిఫికెట్‌కి గడువుండదు. నేనైతే తర్వాత వేస్తా. పాప ఇండియన్ పాస్‌పోర్ట్ సరెండర్ చేయడం, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇండియా ఇచ్చే కార్డు) తీసుకోవడం మర్చిపోవద్దు.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ! పేరులో ఒక అక్షరం తేడా ఉంది, ఇప్పుడే చూశా.