లిప్ బామ్ ఎండకు కారిపోతోంది, ఏం చేయాలి?

మాది విజయవాడ. ఇంట్లోనే ఆముదం, కొబ్బరినూనె, తేనెమైనంతో లిప్ బామ్ చేసి తెలిసినవాళ్లకి ఇస్తున్నాను. రంగుకి వేసిన బీట్‌రూట్ పొడి నూనెలో కరగదు, అడుగున ఇసుకలా పేరుకుంటోంది. కొబ్బరినూనె 24 డిగ్రీలకే కరుగుతుంది కదా, మే నెలలో కొరియర్‌లో పంపిన డబ్బీలు తెరిస్తే ఉన్నదంతా నూనే! మైనం పెంచితే పెదాలకి కొవ్వొత్తి రాసుకున్నట్టుందని మా చెల్లి వెక్కిరింపు. మీరు మైనం, నూనె ఎంతెంత కలుపుతున్నారు? బీట్‌రూట్‌కి బదులు ఐరన్ ఆక్సైడ్ రంగుపొడి వాడితే ‘సహజం’ అనొచ్చా?

ఇంకోటి. అమ్మాలంటే 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం తయారీ లైసెన్స్ ఉండాలి. నాకున్నది వంటగదే. వేరేవాళ్ల ఫ్యాక్టరీలో లోన్ లైసెన్స్ (సొంత ఫ్యాక్టరీ లేనివాళ్లకి ఇచ్చే తయారీ అనుమతి) మీద చేయించుకున్న అక్కలెవరైనా ఉంటే, మొదటిసారి కనీసం ఎన్ని డబ్బీలు చేయించమన్నారో చెప్తారా?