‘కొంత మానుకు’: ‘ని’ ఏమైంది?

పాఠకురాలు: పసిఫిక్‌లోని దీవుల దేశం తువాలు గురించి చదువుతుంటే గురజాడ ‘దేశభక్తి’ నాలుక మీదికొచ్చింది. సముద్రం మట్టం పెరిగి మట్టే మునిగిపోతే దేశం ఉన్నట్టా, పోయినట్టా? భూభాగం పోయినా తమ రాజ్యం శాశ్వతమని 2023లో వాళ్లు రాజ్యాంగంలోనే రాసుకున్నారు. రాజ్యానికి ఉండాల్సినవాటిలో ఒకటి పోయినంతమాత్రాన రాజ్యం పోయినట్టు కానక్కరలేదని 2025 జూలైలో అంతర్జాతీయ న్యాయస్థానమూ అంది. మన హక్కుల చర్చలన్నీ కాళ్ల కింద నేల ఉంటుందన్న ధీమాతోనే సాగుతాయి కదా! ఇంతకీ ‘దేశమంటే మట్టికాదోయ్’కి పై పాదాల్లో ‘కొంత మానుకు’నా, ‘మానుకొని’నా?

ఛందోభిమాని: ‘మానుకు’. మూడు, నాలుగు మాత్రల నడక అది (మాత్ర అంటే పొట్టి అక్షరం పలికే కాలం): సొంత–లాభం, కొంత–మానుకు. ‘ని’ చేరిస్తే పద్నాలుగు కాస్తా పదిహేను మాత్రలవుతాయి.

పాతపుస్తకం: మాత్రల కోసం కత్తిరించారంటే ఒప్పుకోను. ఆయనదే ‘ముత్యాల సరములు’లోని ‘కూర్చుకొని తేటైన మాటల’లో ‘కొని’ నిండుగా ఉంది. ‘పట్టుకు రా’ అని మనం రోజూ అనేదే ఇక్కడా ఉంది.

ఛందోభిమాని: అక్కడ ‘కూర్చుకొనితే’ ఏడు, ‘టైనమాటల’ ఏడు. పట్టింది కాబట్టే ఉంచారు మాస్టారూ!

విజయనగరం: అసలు తగాదా ‘పొరుగువాడికి’, ‘పొరుగువానికి’ మధ్య. మాత్రలు సమానం, ఛందస్సు తేల్చలేదు. వాడుక భాష కోసం అంత పోరాడిన మనిషి ‘వాడికి’ అనే ఉంటారు.

పాఠకురాలు: ‘ని’ ఉన్నా లేకపోయినా వరస ముఖ్యం కదండీ. ముందు మానుకోవడం, తర్వాత తోడుపడడం. వాతావరణ సదస్సుల్లో తిరగబడింది: నష్టపోయిన దేశాలకు నిధి పెట్టడానికి 2022లో ఒప్పుకున్నారు, శిలాజ ఇంధనాల నుంచి మళ్లాలన్న మాట 2023లో గానీ తీర్మానంలోకి ఎక్కలేదు. సాయం చేస్తే బాధ్యత తీరిపోయిందనే లెక్క దీని వెనక ఉంది.

పాతపుస్తకం: నిజమే. ‘కొంత’ కూడా అందరికీ ఒకే కొలత కాదు. ‘తిండి కలిగితే కండ కలదోయ్’ అన్నదీ ఆ గేయంలోనే. తిండే లేనివాణ్ణి ఆయన మానుకోమనడు. మానుకోవాల్సింది లాభం, పూట కూడు కాదు.

ఛందోభిమాని: ‘కలిగితే’ కాదు, ‘కలిగితె’. ‘తిండి’ మూడు, ‘కలిగితె’ నాలుగు. దీర్ఘం పెడితే అయిదు.

పాతపుస్తకం: పాడేటప్పుడు దీర్ఘం తేలిపోతుంది, రాతలో ఉంటే తప్పేంటి?

విజయనగరం: ‘వాడికి’ సంగతి వదిలేశారు. పాత ముద్రణ ఉన్నవాళ్లు ఆ పేజీ ఫొటో పెట్టండి. స్కూలు వాచకం చాలదు.