‘గ’ ఒక్క అక్షరానికి ఎన్ని అర్థాలు? తెలిసినోళ్లు చెప్పుండ్రి

మాది నల్లగొండ జిల్లా దేవరకొండ దిక్కు. తొమ్మిదో తరగతి చదివే మా బిడ్డను ‘గ’కు ఎన్ని అర్థాలుంటే అన్ని రాసుకరమ్మన్నరు. సంగీతంల గాంధారం, ఛందస్సుల గురువు. ‘ఖగం’, ‘ఉరగం’ అసొంటి మాటల్లనైతే ‘పోయేది’ అని. ఖం అంటే ఆకాశం, అండ్ల పోయేది పక్షి. ఉరస్సు అంటే రొమ్ము, దానితోని పాకేది పాము. నాకైతే ఇదే బాగ నచ్చింది.

మా అమ్మ ఇని నవ్వింది. “గంతేనా? గట్ల, గిట్ల, గా పిలగాడు, గీ బర్రె... ఇవన్ని ఏమైనయిరా?” అన్నది. నిజమే గదా! మరి ‘అట్ల’ ముందట ఈ ‘గ’ ఎట్లొచ్చి చేరింది? ‘అదిగో’ల ఉన్న ‘గో’కు దీనికి సుట్టరికం ఏమన్న ఉన్నదా? వ్యాకరణం తెలిసినోళ్లు జర చెప్పుండ్రి. సోమవారం నోట్‌బుక్కు చూపియ్యాలె, ఇంకా సగం పేజీ ఖాళీగనే ఉన్నది.